లెక్కల బిడ్డకు దారేది?

శివరాత్రి వచ్చిందంటే కురవి దారులన్నీ జనంతో నిండిపోతాయి. మానుకోట నుంచి, డోర్నకల్ నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి ఆటోల్లో, బస్సుల్లో, ట్రాక్టర్లలో కోరమీసాల వీరన్న దర్శనానికి తరలివస్తారు. ఎవరి మొక్కు వారిది. ఒకరికి మిర్చి పంట గట్టెక్కాలి. ఒకరికి పిల్ల పెళ్లి కుదరాలి. ఇంకొకరికి కొడుక్కి సర్కారు నౌకరీ రావాలి. 'మా బిడ్డకు గణితంలో పీహెచ్‌డీ సీటు రావాలి స్వామీ' అని మొక్కుకున్నవారు మాత్రం అంత జాతరలోనూ వెతికినా దొరకరేమో!

దొరకకపోవడంలో వింతేమీ లేదు. తెలియని కోరిక ఎవరూ కోరుకోరు. డిగ్రీలో లెక్కలు తీసుకున్న పిల్లలకు ఊళ్లో తెలిసిన దారులు మూడే. బీఈడీ చేసి డీఎస్సీ రాయడం, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకోవడం, గ్రూప్స్‌కి కూర్చోవడం. మూడూ మంచి దారులే. కానీ నాలుగోది ఒకటుందని చెప్పేవాళ్లు లేకపోవడమే చిక్కు.

ఒక ఇల్లు ఊహించుకోండి. రెండెకరాల మిర్చి చేను. మానుకోటలో బీఎస్సీ చదివే కూతురు. క్లాసులో లెక్కలంటే ఆమే. ఓ రాత్రి అన్నాలయ్యాక మాట మొదలవుతుంది.

''బీఈడీ చేస్తే అయిపాయె గద బిడ్డా! డీఎస్సీ పడితే టీచరమ్మవైతవు. ఇంక ఐదారేండ్లు సదువంటే ఎట్ల? ఆ ఫీజులు యాడికెల్లి తేవాలె?''

''ఫీజు గాదు బాపూ, పీహెచ్‌డీ చేసేటోళ్లకు వాళ్లే నెలనెలా పైసలిస్తరట.''

''సదువుకుంటే పైసలిచ్చేటోళ్లు ఎవరుంటరే?''

ఆ తండ్రి అడిగిన చివరి ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. అలా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ సంగతి ఆ ఇంటికి చేరకపోవడం వల్లే ఎందరో లెక్కల పిల్లలు సగం దారిలో ఆగిపోతున్నారు.

పైసలు ఎవరిస్తారు?

మన దేశంలో సైన్సు, గణితం సబ్జెక్టుల్లో పరిశోధన చేయాలనుకునేవారికి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే పరీక్ష ఉంది. ఏటా రెండుసార్లు పెడతారు. అందులో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్... అదే జేఆర్ఎఫ్... వస్తే, పీహెచ్‌డీలో చేరాక మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, ఆ తర్వాత పనితీరు చూసి 42 వేలు ఇస్తారు. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ఇది. ఇంటి అద్దె భత్యం అదనం. అణుశక్తి విభాగం కింద 1983లో ఏర్పాటైన జాతీయ ఉన్నత గణిత మండలి కూడా గణిత విద్యార్థులకు విడిగా ఫెలోషిప్పులు ఇస్తుంది.

అమెరికాలో పద్ధతి వేరు, సారాంశం ఒక్కటే. అక్కడి పేరున్న విశ్వవిద్యాలయాలు గణితం పీహెచ్‌డీకి తీసుకున్న విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ చేస్తాయి. డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే పని అప్పగించి జీతమూ ఇస్తాయి. అంటే గణితం పీహెచ్‌డీకి పొలం అమ్మాల్సిన పనిలేదు. ఎవరైనా లక్షలు కట్టమంటే అది వెళ్లాల్సిన దారి కాదని గుర్తు!

వంగూరు నుంచి మొదలైన ప్రయాణం

'అవన్నీ పట్నం పిల్లలకు, కార్పొరేట్ కాలేజీల వాళ్లకు' అనుకునేవారు ఓసారి వేనపల్లి సురేశ్ గురించి తెలుసుకోవాలి. ఆయన చదివింది పాత పాలమూరు జిల్లా వంగూరులోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. అక్కడి నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి, ఆ తర్వాత ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌కి వెళ్లారు. ప్రఖ్యాత గణితవేత్త రామన్ పరిమళ దగ్గర పీహెచ్‌డీ చేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడిగా ఉండగా 2009లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు.

నాలుగేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ 2010 ఆగస్టులో తొలిసారి మనదేశానికి వచ్చింది. వేదిక హైదరాబాదే! ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన గణితవేత్తల ముందు ఆహ్వానిత ప్రసంగం చేసినవారిలో వంగూరు బడి విద్యార్థీ ఉన్నారు. ఆ తర్వాత ఆయన అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు.

ఇందులో మరో ముచ్చట ఉంది. సురేశ్ పరిశోధన చేసిన టాటా సంస్థలో గణిత విభాగాన్ని తీర్చిదిద్దినవారు ఎవరనుకున్నారు? మన కొమరవోలు చంద్రశేఖరన్. 1920లో మచిలీపట్నంలో పుట్టి, బాపట్లలో హైస్కూలు చదువు పూర్తిచేసి, మద్రాసులో పైచదువులు చదివి, అమెరికాలోని ప్రిన్స్‌టన్ దాకా వెళ్లారాయన. హోమీ భాభా పిలుపుతో 1949లో బొంబాయి వచ్చి, కుర్రాళ్లను ఏరి తెచ్చి పరిశోధకులుగా తయారుచేశారు. బాపట్ల బడిలో చదివినాయన కట్టిన గుమ్మంలోంచే వంగూరు బడిలో చదివినాయన లోపలికి నడిచారన్నమాట!

లేనివి నాలుగే...

అలాగని చిన్న కాలేజీకీ పెద్ద సంస్థకూ తేడా లేదంటే అది అబద్ధమే అవుతుంది. తేడా తెలివిలో లేదు. పెద్దచోట చదివే విద్యార్థికి అడక్కుండానే అందేవి నాలుగున్నాయి. ఎందుకని ప్రశ్నించే అలవాటు, తనలాంటి లెక్కల పిచ్చి ఉన్న స్నేహితులు, వివరంగా ఉత్తరం రాసిపెట్టే గురువు, దరఖాస్తు తేదీల సమాచారం. చిన్న కాలేజీ విద్యార్థి ఈ నాలుగింటినీ తనే వెతుక్కోవాలి. వెతికితే దొరుకుతాయి కూడా.

మొదటిది ప్రశ్నించే అలవాటు. రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించమనే లెక్క పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరూ చేసిందే. ఆ నిరూపణ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవారు లక్షల్లో ఉంటారు. వాళ్లలో ఎందరు, 'మరి ఇదే నిరూపణ రూట్ 4కి ఎందుకు పనిచేయదు?' అని అడిగి ఉంటారు? రూట్ 4 అంటే 2. అది కరణీయ సంఖ్య కాదు. అంటే నిరూపణలో ఎక్కడో ఒక మెట్టు దగ్గర బండి ఆగిపోవాలి. ఎక్కడ? ఒక సంఖ్య వర్గాన్ని 2 భాగిస్తే ఆ సంఖ్యనూ 2 భాగించి తీరుతుంది. కానీ వర్గాన్ని 4 భాగించినంత మాత్రాన సంఖ్యను 4 భాగించాలని లేదు. 6 వర్గం 36. దాన్ని 4 భాగిస్తుంది, 6ని భాగించదు. అదీ సంగతి!

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో కూర్చున్న ఆచార్యులు వెతికేది ఈ గుణాన్నే. అక్కడ పుస్తకంలోని పెద్ద సిద్ధాంతాలు అప్పజెప్పమని అడగడం తక్కువ. 'అవిచ్ఛిన్నమైనా అవకలనీయం కాని ప్రమేయం ఒకటి చెప్పమ్మా' అంటారు. చెప్పాక, 'ఎందుకు కాదు?' అంటారు. ఆపైన 'ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది?' అంటారు. గైడు చదివి 95 శాతం తెచ్చుకున్నవారు అక్కడ తడబడొచ్చు. 70 శాతమే వచ్చినా ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించినవారు నిలబడొచ్చు. అలాంటి అలవాటు చేసుకోవడానికి పెద్ద కాలేజీ అక్కర్లేదు. ఒక మంచి పుస్తకం, ఒక నోట్‌బుక్కు, రోజూ రెండు గంటల సమయం చాలు. ఐఐటీ, ఐఐఎస్సీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఇంట్లో ఒక ఫోను ఉంటే కురవిలోనూ వినొచ్చు.

సెలవుల్లో లెక్కల శిబిరం

రెండోది స్నేహితులు. క్లాసులో అందరూ పరీక్ష గురించే మాట్లాడుకుంటుంటే, లెక్క అందం గురించి మాట్లాడే ఒక్కరు ఒంటరైపోతారు. ఈ లోటు తీర్చడానికే ఆచార్య ఎస్.కుమరేశన్ 1993లో ఎంటీటీఎస్ అనే వేసవి శిక్షణను మొదలుపెట్టారు. దేశంలోని మామూలు కాలేజీల నుంచి డిగ్రీ, పీజీ పిల్లలను ఎంచి నాలుగు వారాలపాటు ఒకచోట కూర్చోబెడతారు. అక్కడ నోట్సు చెప్పి రాయించడం ఉండదు. ఉపాధ్యాయుడు ప్రశ్న వేస్తాడు. తప్పైనా సరే, పిల్లలే జవాబు చెప్పాలి. తప్పు ఎక్కడుందో కూడా వాళ్లే పట్టుకోవాలి. మొదటి వారం బిక్కమొహం వేసినవారు నాలుగో వారానికి బోర్డు దగ్గరకెళ్లి వాదిస్తారు. కుమరేశన్ తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు.

బీఎస్సీ పిల్లల కోసమే మాధవ గణిత పోటీ కూడా ఉంది. 2010లో మొదలైంది. కేరళకు చెందిన మధ్యయుగపు గణితవేత్త సంగమగ్రామ మాధవుడి పేరుతో నిర్వహిస్తారు. బహుమతి రాకపోయినా నష్టంలేదు. ఆ ప్రశ్నపత్రం చేతికొస్తే చాలు, సెమిస్టర్ పరీక్షకూ అసలు గణితానికీ తేడా ఏమిటో మూడు గంటల్లో తెలిసిపోతుంది.

చిన్న కాలేజీకీ ఒక బలం

మూడోది గురువు ఉత్తరం. విదేశీ పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తే సాధారణంగా మూడు సిఫార్సు ఉత్తరాలు అడుగుతారు. మనదగ్గరా చాలా శిబిరాలకు, సంస్థలకు ఉత్తరం కావాలి. ఇక్కడే చిన్న కాలేజీకి ఎవరూ గమనించని బలం ఒకటుంది.

అమెరికాలో విలియమ్స్, స్వార్త్‌మోర్ వంటి చిన్న కాలేజీలున్నాయి. మొత్తం విద్యార్థులు రెండు వేలకు అటూఇటూగా ఉంటారు. అక్కడ పీహెచ్‌డీ చదువులే ఉండవు. అయినా ఆ కాలేజీల పిల్లలు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో గణితం పీహెచ్‌డీలకు వెళుతుంటారు. కారణాల్లో ఒకటి, పాఠం చెప్పే ఆచార్యుడికి ప్రతి విద్యార్థీ పేరుతో తెలియడం. 'ఈ అమ్మాయి ఫలానా సిద్ధాంతానికి నేను చెప్పని నిరూపణ తెచ్చింది, మొదట తప్పు చేసింది, వారం తర్వాత తనే దిద్దుకుంది' అని ఆయన రాయగలడు. 300 మంది కూర్చునే హాల్లో చదివిన విద్యార్థికి అలాంటి ఉత్తరం దొరకడం కష్టం.

మన చిన్న ఊరి కాలేజీల్లోనూ లెక్కల సారుకు ప్రతి పిల్లా పేరు తెలుసు. వాళ్ల నాన్న ఏం పని చేస్తాడో కూడా తెలుసు. కొరవడింది ఆ ఉత్తరం ఎలా రాయాలన్న సమాచారమే. 'మంచి నడవడిక కలది, కష్టపడి చదువుతుంది' అని రాస్తే అది కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది. ఏ పుస్తకం చదివింది, ఏ లెక్క దగ్గర ఆగింది, ఏం ప్రశ్న అడిగింది... ఇవి రాస్తేనే సిఫార్సు. అందుకు విద్యార్థి చేయాల్సింది కూడా ఉంది. ఉత్తరం కావాల్సిన రోజున కాకుండా రెండో ఏడాది నుంచే సారు దగ్గరకు వెళ్లి కూర్చోవాలి. వారానికో లెక్క తీసుకెళ్లాలి.

గోడమీద రాసుకోవాల్సిన తేదీలు

నాలుగోది సమాచారం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. లెక్క రాక కాదు, తారీఖు దాటిపోయి!

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి కాకతీయ, ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ-పీజీ. ఐఐటీలకు జామ్ అనే పరీక్ష. దాని స్కోరుతో వరంగల్ ఎన్ఐటీ వంటిచోట్లా ఎమ్మెస్సీ సీటు తెచ్చుకోవచ్చు. జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరిగితే దరఖాస్తులు అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరులోనే ముగుస్తాయి. అంటే ఆఖరి ఏడాది ఫలితాలు వచ్చాక ఆలోచిద్దామనుకుంటే బండి వెళ్లిపోయినట్టే. బెంగళూరు ఐఐఎస్సీ, ముంబయి టాటా సంస్థల్లో బీఎస్సీ తర్వాత నేరుగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే అవకాశమూ ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత పరీక్షలు పెట్టుకుంటాయి.

ఎమ్మెస్సీలో చేరాక నెట్. గణితం పేపరు మొత్తం 200 మార్కులు, మూడు భాగాలు. మూడో భాగంలో ఒక్కో ప్రశ్నకు ఒకటి కన్నా ఎక్కువ సరైన జవాబులు ఉండొచ్చు. అన్నిటినీ గుర్తిస్తేనే మార్కులు. అక్కడ ఊహించి కొట్టడం కుదరదు. పైన చెప్పిన 'ఎందుకు' అలవాటు ఉన్నవారే గట్టెక్కుతారు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారూ నెట్ రాసి పీహెచ్‌డీకి వెళ్లేలా యూజీసీ నిబంధనలు మార్చింది. అమెరికాకు దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు కాబట్టి, మన మూడేళ్ల బీఎస్సీ చేసినవారు ఎమ్మెస్సీ పూర్తిచేసి వెళ్లడమే మామూలు పద్ధతి.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంకో భయం. జామ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. నెట్ ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది. కానీ గణితం ఇంగ్లిష్ నవల ఇంగ్లిష్ కాదు. కొన్ని వందల మాటలు పట్టుబడితే చాలు. తెలుగు అకాడమీ పుస్తకాన్ని, ఇంగ్లిష్ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని ఒక్కో నిర్వచనాన్నీ రెండు భాషల్లో రాసుకుంటే ఏడాదిలో ఆ గోడ కూలిపోతుంది.

ఆ నూనె దీపం

ఇంత చెప్పాక అవతలి పక్కా చెప్పాలి. నెట్ రాసిన అందరికీ జేఆర్ఎఫ్ రాదు. పీహెచ్‌డీ ఐదేళ్లు పట్టొచ్చు, ఆరేళ్లూ పట్టొచ్చు. నెలల తరబడి ఒక లెక్క ముందుకు కదలని రోజులుంటాయి. పూర్తయ్యాక విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు కుప్పలుగా ఏమీ ఉండవు. ఇవన్నీ తెలిసే దిగాలి. అయితే దారి మధ్యలో ఆగినా చేతికి ఏదో ఒకటి దక్కుతుంది. ఎమ్మెస్సీతో జూనియర్ లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. నెట్, సెట్ దాటితే డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే అర్హత వస్తుంది. బీఈడీ, డీఎస్సీ ఎక్కడికీ పోవు.

ప్రపంచం మెచ్చిన సి.ఆర్.రావు దారి కూడా తిన్నగా సాగలేదు. పది మంది పిల్లల్లో ఎనిమిదోవాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ తండ్రి బదిలీలతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లన్నీ తిరిగాడు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పీజీ పూర్తయ్యాక సైన్యంలో లెక్కల ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. ఆ కొలువు దక్కలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941 జనవరి 1న అందులో చేరాడు. 1945లో, పాతికేళ్ల వయసులో, పీహెచ్‌డీ కూడా లేకముందే గణాంకశాస్త్ర పుస్తకాల్లో తన పేరు శాశ్వతంగా నిలిపే పరిశోధన పత్రం రాశాడు. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ 1948లో వచ్చింది. 2023లో, 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

అంతటివాడు తన పుస్తకాన్ని అంకితమిచ్చింది తల్లి లక్ష్మీకాంతమ్మకు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి ఇచ్చేదట ఆమె. కొడుకు ఏ లెక్క చేస్తున్నాడో ఆమెకు తెలియాల్సిన పనిలేదు. ఆ వేళకు దీపం వెలిగితే చాలు.

కురవి ఇంట్లో ఆ రాత్రి మాటలు అక్కడితో ఆగకూడదు. తండ్రి ''ఫీజెంత?'' అనే ప్రశ్న వదిలేసి, ''అప్లికేషన్ ఆఖరు తారీఖు ఎప్పుడు బిడ్డా?'' అని అడిగితే చాలు. ఆ తారీఖును మిర్చి లెక్కలు రాసుకునే క్యాలెండర్‌లోనే ఓ గడిలో రాసిపెడితే, సగం దారి నడిచినట్టే!